ఉప్పరి భోజన్న పెట్టిన పరీక్ష

కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఉప్పరి భోజన్న కట్టిన గోడ పడిందని చెప్పేవాడు లేడు. పదేళ్ల వయసులోనే తండ్రి వెంట పోయి దొర గడీ ప్రహరీకి మట్టి తొక్కాడు. అది వెట్టి పని. కూలి లేదు సరే, గంజి కూడా ఇంటి నుంచే మోసుకుపోవాలి. "గిట్ల ఉత్తగ చేసేదానికి గింత సక్కదనం ఎందుకు బాపూ, జర వంకరగ పెడితె ఏమైతది?" అని అడిగితే, తండ్రి తాపీ తిప్పి వీపున ఒకటి వేశాడు. "దొర మీది కోపం గోడ మీద తీస్తవారా? పడితె దొర మీద పడదిరా. నీడకు కూసున్న జీతగాని మీద పడ్తది."

వీపు మంట సాయంత్రానికి తగ్గింది. మాట మాత్రం భోజన్న చేతుల్లో ఉండిపోయింది. ఉప్పరివాళ్లకు జ్ఞాపకాలు తలలో కంటే చేతుల్లోనే ఎక్కువ.

డెబ్బై నాలుగు ఏప్రిల్‌లో, భార్య కొమురవ్వ అయిదు నెలల కడుపుతో ఉండగా, అతను దుబాయ్ వెళ్లాడు. ఊరివాళ్లకు సముద్రం దాటితే అంతా దుబాయే. అతను దిగింది అబూధాబీలో, బతికేది ముసఫ్ఫా క్యాంపులో, రేకుల గదికి పన్నెండు మంది. ఆగస్టు తొమ్మిదిన కూతురు పుట్టింది. చంద్రవ్వ అని నాయనమ్మ పేరు పెట్టారు. ఆ సంగతి అతనికి ఇరవై రెండు రోజులకు ఉత్తరంలో తెలిసింది.

పిల్ల పుట్టువెంట్రుకలు వేములవాడ రాజన్నకు మొక్కు. బేసి ఏటనే తీయాలి: మొదటి ఏడు, లేదా మూడో ఏడు, అదీ తప్పితే అయిదో ఏడు. మొదటి ఏడు తండ్రి లేడు. "అయ్య ఒడిల కూసుంటెనే కత్తెర ముట్టనిస్త" అని కొమురవ్వ పంతం పట్టింది. మూడో ఏడు వచ్చింది, పోబోతోంది. బడిపంతులు చేత రాయించిన ఉత్తరం ఇలా ఉంది: "జుట్టు భుజాల కిందికి దిగింది. పేలు పట్టినయి. పొద్దంతా గోక్కుంటది. ఆగస్టు తొమ్మిది దాటితె నాలుగో ఏడు పడ్తది, ఇగ ఏడాదంత ఆగాలె. నువ్వు వస్తున్నవా, లేదా? ఒక్క ముక్క రాయి."

మూడేళ్ల కాంట్రాక్టు ముగిసింది కాబట్టి సెలవు అతనికి హక్కే. హక్కు కాగితం మీద ఉంది. కాగితం ముదీర్, అంటే మేనేజరు, లోబో బల్ల మీద ఉంది. పాస్‌పోర్టు లోబో వెనక ఇనుప బీరువాలో ఉంది. బీరువా తాళం లోబో నడుముకు ఉంది. హక్కు అనేది ఎంత భద్రంగా ఉంటుందో చూడాలంటే ముసఫ్ఫా రావాలి.

అలా ఉండగా, డెబ్బై ఏడు జూన్ మొదటి వారంలో ముసఫ్ఫా యార్డుకు పరోపకారం వచ్చింది. ఏసీ బస్సులో వచ్చింది. దిగగానే చల్లటి నీళ్లు అడిగింది.

మొత్తం ఇరవై నలుగురు, తొమ్మిది దేశాలవాళ్లు. నీలం చొక్కాలు, వీపు మీద తెరిచిన రెండు చేతుల బొమ్మ. 'అంతర్జాతీయ పునర్నిర్మాణ మిత్రమండలి' అని వాళ్ల పేరు. లెబనాన్‌లో ఐన్ జౌజ్ అనే చిన్న పట్నం యుద్ధంలో సగం కూలిపోయింది. యుద్ధం ఆగిందని రేడియో చెబుతోంది గనుక ఆ ఇళ్లు మళ్లీ లేపడానికి వీళ్లు స్వచ్ఛందంగా బయలుదేరారు. మంచి పనే, కాదనకూడదు. చిక్కల్లా ఒకటే. ఇరవై నలుగురిలో ఇటుక మీద ఇటుక పెట్టినవాడు లేడు. ఒకాయన పియానో నేర్పేవాడు, ఒకావిడ కుక్కల డాక్టరు, ఇద్దరు కవులు, ఆ ఇద్దరికీ మాటల్లేవు. డెన్మార్క్ నుంచి ఒక బస్సు డ్రైవరు. నాయకుడు పెంబర్టన్ దొర ఇన్సూరెన్సు ఆఫీసులో రిటైరైనవాడు. కూలిన ఇళ్ల కాగితాలు ముప్పై ఏళ్లు చూశాడు కాబట్టి, ఇల్లు కట్టడం ఎలాగో ఎనభై పేజీల పుస్తకం రాశాడు.

అక్కడికి వెళ్లేముందు నెల రోజులు సాధన చేయాలని, ముసఫ్ఫా యార్డులో నమూనా ఇల్లు ఒకటి కట్టాలని ఏర్పాటు. ఖర్చు పెట్టేది హాజీ సాబ్ అనే అబూధాబీ వర్తకుడు. స్థలం, సిమెంటు, బ్లాకులు మాత్రం భోజన్న కంపెనీ ఉచితంగా ఇచ్చింది. రేపు పట్నం మొత్తానికి కావలసిన సిమెంటూ తలుపులూ హాజీ సాబ్ తమ దగ్గరే కొంటాడని కంపెనీకి ఆశ. పరోపకారానికి కూడా ఒక గోడౌను కావాలి కదా.

మొదటి రోజు గోడ లేచింది. పక్క షెడ్డు పరంజా మీద నుంచి భోజన్నా, అతని జోడీ హన్మాండ్లూ చూస్తున్నారు. బ్లాకులు తడపలేదు. దారం కట్టలేదు. కింది అతుకు మీదనే పై అతుకు, దాని మీద ఇంకో అతుకు, నిచ్చెన మెట్లలా వరుసగా నిలబెట్టారు. మధ్యలో ఒకరి ఫొటో ఒకరు తీసుకున్నారు.

"అన్నా," అన్నాడు హన్మాండ్లు, "గది గోడనా, పామా?"

"పామైతె పక్కకు జరుగుతమురా. గోడ కింద పండుకుంటరు మనుషులు."

పది గంటలకు ఎండ ముదిరిందని బస్సెక్కి హోటలుకు వెళ్లిపోయారు. మధ్యాహ్నం లోబో భోజన్నను, హన్మాండ్లును ఆఫీసుకు పిలిపించాడు. లోబో బొంబాయివాడు, హిందీ వచ్చినా ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడతాడు. పక్కన టైంకీపర్ దేవరాజు నిలబడ్డాడు. ఈయన తెనాలి వైపువాడు, ఇంగ్లీషూ తెలుగూ మధ్య క్యాంపులో ఉన్న ఒకే ఒక్క వంతెన. లోబో చెప్పవలసింది చెప్పి సిగరెట్టు ముట్టించుకున్నాడు. దేవరాజు తెలుగు చేశాడు.

"చూడండీ భోజన్నా. రోజూ వాళ్లు పొద్దున కట్టింది, మీ డ్యూటీ అయ్యాక మూడింటి నుంచి మీరు విప్పేసి సక్కంగా కట్టాలంట. వాళ్లు కట్టినట్టే ఉండాలి. వాళ్లకి తెలియకూడదు. నెలాఖరుకి హాజీ సాబ్ చూడ్డానికొస్తాడు."

"ఓవర్‌టైం రాస్తరా సారూ?" అడిగాడు హన్మాండ్లు.

"ఇది ఓవర్‌టైం కాదంటయ్యా. ఇది సేవంట. మీరూ వాలంటీర్లేనంట."

"వాలంటీర్ అంటె?"

"జీతం తీసుకోకుండా మనస్ఫూర్తిగా పని చేసేవాడు."

హన్మాండ్లు ఆలోచించాడు. "జీతం లేకుండ మా అయ్య చేసిండు, మా తాత చేసిండు. మా దిక్కు గదాన్ని వెట్టి అంటరు సారూ. మనస్ఫూర్తి ఒక్కటే కొత్తగున్నది."

లోబోకు తెలుగు రాదు. దేవరాజు దాన్ని "వీళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు" అని ఇంగ్లీషులోకి మార్చాడు. లోబో తృప్తిపడి బల్ల మీది సెలవు కాగితం ఎత్తి భోజన్నకు చూపించాడు. ఇల్లు హాజీ సాబ్‌కు నచ్చిన రోజే సంతకం, జూలై పదిహేనున విమానం. నోరు విప్పితే ఖలాస్. ఈ ముక్క అనువాదం లేకుండానే భోజన్నకు అర్థమైంది.

ఇక రోజూ అదే తంతు. ఏడింటికి బస్సు వచ్చేది, పదింటికి పోయేది. మూడింటి నుంచి పొద్దు వాలేదాకా, రేకు ముట్టుకుంటే బొబ్బ లేచే ఎండలో, భోజన్న వాళ్లు గోడ విప్పి, బ్లాకులు గీకి, కొత్తగా సిమెంటు మాలు కలిపి, దారం పట్టి, తూకం గుండు వేలాడదీసి మళ్లీ కట్టేవారు. మరునాడు మిత్రమండలి వచ్చి తమ గోడ చూసి తామే మురిసేది. "నిన్న కొంచెం వంగినట్టు అనిపించింది," అన్నాడొక కవి. పెంబర్టన్ దొర దగ్గర జవాబు ఉంది: "సిమెంటు ఆరేటప్పుడు సర్దుకుంటుంది. మంచి పునాది తనను తాను దిద్దుకుంటుంది." ఈ సంగతి తన పుస్తకం కొత్త అచ్చులో చేర్చాలని రాసుకున్నాడు కూడా.

మొదట్లో క్యాంపంతా నవ్వుకుంది. కొమ్ములు తిరిగిన తెల్లదొరలను బొమ్మరిళ్లు ఆడిస్తున్నామని పన్నెండు మంచాల మీదా ఒకటే కబుర్లు. రెండో వారానికి భోజన్న నవ్వు ఆగింది. పొద్దున పియానో మాస్టారు బ్లాకు పెట్టే తీరు చూశాడు. చేతికి జంకు లేదు. తప్పుగా పెట్టేవాడికి జంకుంటే సగం ప్రమాదం తప్పుతుంది. వీళ్లకు ఆ జంకు తీసేసింది ఎవరు?

"హన్మాండ్లూ, వీండ్లకు నిజంగనే పని వచ్చిందనుకుంటున్నర్రా."

"అనుకోనియ్యే. మనకేం పోతది?"

"గా పట్నంల వెనుకంగ కట్టెతందుకు మనం ఉంటమా?"

హన్మాండ్లు తట్ట ఎత్తుకున్నాడు. "నువ్వు ఇంటికి పోవాల్నా, వద్దా? గది చెప్పు ముందు."

భోజన్న తాపీ అందుకున్నాడు. ఆ సాయంత్రం వాకిలి పక్క గోడ కడుతున్నాడు. తల ఎక్కడో ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ద్వారబంధానికి కుడిపక్కన, మనిషి రొమ్మెత్తున, ఒక బ్లాకు పెట్టకుండా వదిలేసి, మీద చిన్న బద్ద వేసి, లోపల నున్నగా సిమెంటు మెత్తి, అంచు గుండ్రంగా తిప్పేశాయి. దిగూడు. దీపం పెట్టుకునే గూడు. పాతికేళ్లుగా వాకిలి కట్టిన ప్రతి ఇంటికీ అతను పెట్టిందే. దిగూడు లేని వాకిలి అతని చేతులకు తెలియదు. పొద్దు వాలింది, లారీ హారను కొట్టింది, తాపీ కడుక్కుని ఎక్కేశారు. చేసిన పని ఇద్దరిలో ఎవరికీ కనబడలేదు.

మరునాడు మిత్రమండలికి కనబడింది.

గూడు ముందు ఇరవై నలుగురూ గుంపుగా నిలబడ్డారు. పరంజా మీద నుంచి భోజన్న ఆ గూడు అప్పుడే చూశాడు. అయిపోయింది, పట్టుబడ్డాం అనుకున్నాడు. కానీ చదువుకున్నవాళ్ల సంగతి అతనికి తెలియదు. ఎవరు కట్టారని ఒక్కరూ అడగలేదు. అది గాలి కోసం తానే చెప్పి పెట్టించానని ఇంజినీరింగు సగం చదివి మానేసిన కుర్రాడు అన్నాడు. కాదు, పాలసీసా పెట్టుకోవడానికని కుక్కల డాక్టరు చెప్పింది. కవులిద్దరూ అది శూన్యానికి గుర్తు అన్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్లకు మాటలు కలిశాయి. పెంబర్టన్ దొర దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. 'స్థానిక సంస్కృతి పట్ల మన స్పృహ' అని తమ వారపత్రికలో ఆ ఫొటో కింద రాశారు. దేవరాజు చదివి వినిపిస్తే క్యాంపులో తినే చపాతీ ముక్కలు గొంతులో అడ్డం పడ్డాయి.

"ఒక్కరన్నా 'నేను గాదు' అనలేదా సారూ?" అడిగాడు భోజన్న.

"లేదయ్యా. దొంగలే నయం, ఎత్తుకుపోయింది దాచుకుంటారు."

డెన్మార్క్ బస్సు డ్రైవరు ఒక్కడు గూటిలో వేలు పెట్టి, నున్నటి అంచు తడిమి, తల తిప్పి పరంజా వైపు చూశాడని హన్మాండ్లు తర్వాత చెప్పాడు. చూసి ఊరుకున్నాడట.

నెలాఖరు వచ్చింది. యార్డులో షామియానా వేశారు. హాజీ సాబ్ వచ్చాడు. ఆయనతో పాటు ఐన్ జౌజ్ పట్నం తరఫున ఒక మనిషి వస్తుందని కబురుంటే, పెద్ద మేయరో ఎవరో అనుకున్నారు. దిగింది నల్లటి గౌను, తలగుడ్డ, మోకాళ్ల నొప్పితో ఒక యాభై ఏళ్ల ఆవిడ. ఉమ్ నజీబ్ అని పిలిచారు. నజీబ్ తల్లి అని అర్థం. పట్నంలో ఆవిడ రొట్టెల బట్టీ నడిపేదట.

పెంబర్టన్ దొర ఉపన్యాసం ఇస్తుంటే ఆవిడ కుర్చీలో కూర్చోకుండా ఇల్లు చూడబోయింది. గోడ మీద అరచేయి పెట్టి నడిచింది. వాకిలి దగ్గర ఆగింది. గూటిలో చేయి పెట్టింది. నిలబడిపోయింది.

"ఇది ఎవరు పెట్టారు?" అరబ్బీలో అడిగింది. మా ఇంటికీ ఉండేది, కుడిపక్కనే, అమ్మ సాయంత్రం దీపం పెట్టేది అని చెప్పింది. హాజీ సాబ్ ఇంగ్లీషులోకి మార్చాడు.

నీలం చొక్కాలు అన్నీ కలిసి కొంచెం కొంచెం ముందుకు జరిగాయి. "మేమందరం," అన్నాడు పెంబర్టన్ వినయంగా.

"అయితే నా ముందు ఇంకొకటి పెట్టండి."

మైకు ఆగిపోయింది. లోబో ముఖం సిమెంటు రంగుకు తిరిగింది. సాధన చేసిన ఇరవై నలుగురూ ధీమాగా తాపీలు అందుకున్నారు. నిజంగానే ధీమా, వాళ్ల దృష్టిలో నెలంతా ఇల్లు కట్టింది వాళ్లేగా. అరగంటలో నాలుగు వరుసలు లేచాయి. అయిదో వరుసకు గోడ నడుము వంగింది. గూడు కోసం వదిలిన కంతలోకి పై బ్లాకు జారి, పియానో మాస్టారి బూటు మీద పడింది. బూటు గట్టిది కాబట్టి మాస్టారు మిగిలాడు.

షామియానా కింద ఎవరో నవ్వారు. ఉమ్ నజీబ్ నవ్వలేదు. హాజీ సాబ్ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. పోయిన చలికాలంలో కూడా మంచివాళ్లు కొందరు వచ్చారు. పాటలు పాడుతూ మా బట్టీ గోడ కట్టిపెట్టారు. దండలు వేశాం. మొదటి వానకు పడింది. రొట్టెల కోసం వరుసలో నిలబడ్డవాళ్లు ముగ్గురు దాని కింద ఉన్నారు. యుద్ధం చంపనివాళ్లు.

పక్క పరంజా మీద నుంచి వింటున్న భోజన్నకు వచ్చింది క్యాంపులో విని పట్టుకున్న అరబ్బీ మాత్రమే. గోడ, వాన, ముగ్గురు, కింద. ఈ నాలుగు మాటలూ చాలు. షామియానా అంచున లోబో అతన్నే చూస్తున్నాడు. జేబులోంచి మడత కాగితం సగం బయటకు తీసి, మళ్లీ లోపలికి తోశాడు. భోజన్నకు పిల్ల తల కళ్ల ముందు ఆడింది, చూడని తల, పేలు పట్టిన తల. ఇంకో పక్క వీపున తాపీ దెబ్బ మళ్లీ తగిలినట్టయింది.

పరంజా దిగాడు.

"అన్నా, వద్దే," అని హన్మాండ్లు వెనక నుంచి లుంగీ పట్టుకున్నాడు. "ఇయ్యాల్నే నీ కాయితం సంతకమైతదే! నోరు మూసుకో!"

భోజన్న లుంగీ విడిపించుకుని వచ్చి గోడ మీద చేయి వేశాడు. "హాదా అనా," అన్నాడు. ఇది నేను. అరబ్బీవాళ్లు అలా అనరు గాని, ఉమ్ నజీబ్‌కు అర్థమైంది. తర్వాత హన్మాండ్లును కూడా చూపించి, "హాదా భీ," అన్నాడు, సగం హిందీ కలిపి. హన్మాండ్లు తల కొట్టుకున్నాడు. "నన్నెందుకు ఇరికిస్తవే మధ్యల!"

పెంబర్టన్ దొరకు కోపం రాలేదు, అదే విచిత్రం. ఆయన జాలిపడ్డాడు. పాపం ఎండకు మతి చలించింది అన్నట్టు భోజన్న భుజం తట్టాడు. ఉమ్ నజీబ్ మాటలు పెంచలేదు, "కట్టు" అని వేలు చూపించింది. భోజన్న వంగిన గోడను కాలితో తోసేశాడు. అది ఎదురుచూస్తున్నట్టే పడింది. బ్లాకులు తడిపాడు, దారం కట్టాడు. గంటలో గూడుతో సహా గోడ నిలబడింది. ఆవిడ వీపు ఆనించి చూసింది. చూసి హాజీ సాబ్‌తో, నాకు ఈ మనిషిని ఇవ్వండి, ఆ ఇరవై నలుగురినీ మీరే ఉంచుకోండి అంది.

అది కుదరదని లోబో ఇంగ్లీషులో వివరించాడు. భోజన్న వీసా కంపెనీది, పాస్‌పోర్టు కంపెనీ బీరువాది. అతను ఇష్టపడి ఎక్కడికీ వెళ్లడానికి లేదు. స్వచ్ఛందం అనేది పాస్‌పోర్టు తన జేబులో ఉన్నవాళ్లకే దొరికే సరుకు.

"అయితే ఇతను నేర్పాలి," అంది ఉమ్ నజీబ్. "ఇతను పని వచ్చిందన్నవాళ్లే మా ఊరికి రావాలి. మిగతావాళ్లకు దండం."

హాజీ సాబ్ తల ఊపాడు. సిమెంటు బేరం ఆయన చేతిలో ఉంది కాబట్టి లోబో తలా ఊగింది. అందరూ వెళ్లాక మాత్రం లోబో భోజన్న ఎదుట కాగితం విప్పి, తేదీ కొట్టేశాడు.

"ఇరవై నలుగురూ పాస్ కావాలంట," అన్నాడు దేవరాజు నేల చూస్తూ. "అప్పుడే సంతకమంట. ఒక్కడు తగ్గినా లేదంట."

ఆగస్టు తొమ్మిదికి ఇంకా ఆరు వారాలు కూడా లేవు. భోజన్న వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. నాలుగు వారాల్లో నేర్పితే, ప్రయాణానికి నాలుగు రోజులు పోయినా, వేములవాడ అందుతుంది.

ఆ నాలుగు వారాలు ముసఫ్ఫా యార్డు చూడవలసిన చోటు. పెంబర్టన్ పుస్తకాన్ని భోజన్న తను కూర్చునే పీట కింద ఎత్తుకు పెట్టించాడు. మొదటి వారం ఎవరికీ తాపీ ఇవ్వలేదు. మాలు కలపడం, తట్ట మోయడం, బ్లాకు తడపడం. పదింటికి బస్సు హారను కొడితే, "ఖలాస్ నై! యల్లా, యల్లా!" అని కదలమంటూ కేక. తనను మూడేళ్లుగా ఏ కేకలు వేసి తోలారో అవన్నీ అతనికి నోటికి వచ్చు. కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేకపోయింది.

"అడుగుండ్రి సారూ వాన్ని," అనేవాడు దేవరాజుతో. "కింది అతుకు మీద పై అతుకు ఎందుకు పెట్టిండు?"

"అందంగా ఉంటుందనంటండీ."

"ముగ్గు గాదు, గోడ అని చెప్పుండ్రి. కింది అతుకు మీద పై బ్లాకు నడుమ కూసోవాలె. రెండు బ్లాకులు చెయ్యి చెయ్యి పట్టుకోవాలె, అప్పుడే నిలవడ్తయి."

దేవరాజు అది చెప్పగానే కవులిద్దరూ రాసుకున్నారు. "రాసుడు గాదు, పెట్టుండ్రి!" అని భోజన్న అరిచాడు. దానికి అనువాదం అవసరం పడలేదు.

బొబ్బలు లేచాయి, తోళ్లు ఊడాయి. ఒకావిడ ఏడ్చి హోటలుకు వెళ్లి, మర్నాడు తిరిగొచ్చింది. మరో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వాళ్లు నేర్చుకున్నారు. బస్సు డ్రైవరు అందరికంటే ముందు నేర్చుకున్నాడు. పియానో మాస్టారికి దారం పట్టడం బాగా వచ్చింది. ఆయన వేళ్లకు నిటారు తెలుసు. ఒకరోజు మూడింటికి, ఎండలో, బస్సు డ్రైవరు హన్మాండ్లు చేతిలోని తట్ట లాక్కుని తానే మోశాడు. "వీడు మనోడే అన్నా, తప్పి అక్కడ పుట్టిండు," అన్నాడు హన్మాండ్లు.

జూలై చివరి గురువారం పరీక్ష. ఒక్కొక్కరు నిలువెత్తు మూల ఒకటి కట్టాలి. భోజన్న తూకం గుండు పట్టి చూస్తాడు, భుజంతో నెట్టి చూస్తాడు. ఉమ్ నజీబ్ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇరవై మూడు మూలలు నిలబడ్డాయి. ఇరవై నాలుగోది పెంబర్టన్ దొరది.

ఆయన పని నేర్చుకోలేదు, నేర్పడంలో భోజన్నకు సాయం చేశాడు. అంటే ఎవరు తప్పు చేసినా పక్కన నిలబడి వివరించేవాడు. ఆ మూల పైకి చక్కగానే ఉంది. భోజన్న భుజం ఆనించాడు. లోపల ఎక్కడో బ్లాకు కదిలిన చప్పుడు. మాలు నిండినట్టు పైపైన మెత్తాడు, నడుమ ఖాళీ.

లోబో దగ్గరకొచ్చాడు. కాగితం, పెన్ను, రెండూ చేతిలోనే ఉన్నాయి. చిన్నగా, హిందీలో, దాదాపు ప్రేమగా అన్నాడు: "పాస్ అను భోజన్నా. ముసలాయన. అక్కడ ఆయన గోడ కడతాడా ఏమిటి? ఉపన్యాసం ఇస్తాడు. శనివారం నీకు విమానం."

భోజన్న ఆ మూల వైపు మళ్లీ చూశాడు. నిజమే, ఆయన కట్టడు, మాట్లాడతాడు. కానీ ఎవరో ఫొటో తీస్తామంటే నాలుగు బ్లాకులు పెట్టకుండా ఉంటాడా? ఆ నాలుగు బ్లాకుల పక్కన ఎవరు నిలబడతారు?

"సారూ," అన్నాడు దేవరాజుతో, "రాయుండ్రి. దొర మాలు కలుపుతడు. నీళ్లు వోస్తడు. బ్లాకులు తడుపుతడు, మంచిగ తడుపుతడు. గోడ మాత్రం ముట్టద్దు. గింతే."

"అంటే పాసా, ఫెయిలా?" దేవరాజు పెన్ను ఎత్తి పట్టుకుని అడిగాడు. "ఒక్క మాటే రాయాలండీ ఇక్కడ. కాలమ్‌లో అంతే చోటుంది."

"ఫెయిల్."

పెంబర్టన్ దొర ఈసారి భుజం తట్టలేదు. లోబో కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, తాళాలు గలగలలాడిస్తూ ఆఫీసుకు పోయాడు. ఉమ్ నజీబ్ లేచి వచ్చి ఏదో చెప్పింది. దీవెనే అయి ఉండాలి. ఆవిడకు సెలవు కాగితం సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మిత్రమండలి ఐన్ జౌజ్ వెళ్లింది. పెంబర్టన్ దొరా వెళ్లాడు. పత్రికలో ఆయన బకెట్టుతో నీళ్లు మోస్తున్న ఫొటో వేసి, 'నిరాడంబర నాయకుడు' అని రాశారు. భోజన్న సెలవు 'పని ఒత్తిడి వల్ల' సెప్టెంబరుకు మారింది.

పరీక్ష మరునాడే, శుక్రవారం పొద్దున, దేవరాజు తన గదిలోని టేప్ రికార్డరు తెచ్చి మంచం మీద పెట్టాడు. ఊళ్లో భూమేశం ఇంట్లో ఇలాంటిదే ఒకటుంది. కొమురవ్వ అక్కడికి పోయి వింటుంది. క్యాసెట్టు అజ్మాన్ నుంచి ఊరికి పోతున్న ఒకతని సంచిలో వెళ్తుంది. భోజన్న రెండుసార్లు దగ్గాడు.

"కొమురవ్వా, నేనే. మంచిగున్న. ఇగ నాకోసం ఆగకు. పిల్లను మీ అన్నతోని వేములాడ తోల్కపో, తొమ్మిది లోపటనే. ఆయన ఒడిల కూసోవెట్టు. మేనమామ ఒడి తప్పు గాదు, పంతం వద్దు." టేప్ రికార్డరు దగ్గరకు లాక్కున్నాడు. "ఎందుకు రాలేదంటవా? ఒక దొరను ఫెయిల్ జేసిన."

"నవ్వుతది చూడు," అన్నాడు హన్మాండ్లు పక్క నుంచి.

"నవ్వకు. నిజమే. తెల్లదొర. గోడ కట్టరాదు ఆయనకు. కట్టొచ్చిందని నాతోని అనుమన్నరు. నేను అనలే." గొంతు కొంచెం పెరిగింది. "మల్ల గిట్ల చేసినందుకు తిట్టుకుంట కూసోకు. బండి కట్టిచ్చుకుని పో. గుండు గీకినంక చందనం పెట్టు, ఎండల తిప్పకు."

"టేపు అయిపోవస్తోందండీ," అన్నాడు దేవరాజు.

"అయితుందా? ఆగుండ్రి, ఆగుండ్రి. కొమురవ్వా, భూమేశం మిషిని అడుక్కొని పట్టుకపో. కత్తెర పడంగ అది ఎట్ల ఏడ్సిందో పట్టి పంపు. మొత్తం పట్టు, మధ్యల ఆపకు. నేను వింట."